భావనపాడు తెలుపు, కొత్తవలస పసుపు

ఆ రోజుల్లో మాకు తిండికీ నిద్రకీ సరిగ్గా టైము దొరికేది కాదు గానీ, పక్కవాళ్ళని చూసి కుళ్ళుకోవడానికి మాత్రం ఎక్కడినుంచో బోలెడంత దొరికేది. ఇప్పుడు ఎదురింటావిడ కొత్త కారు కొనుక్కుందని తెలిస్తే "పోనీలే, రోడ్డు మీద ఎండలో నిలబడక్కర్లేదు పాపం" అనుకుని అటు తిరిగి పడుకుంటాను. అప్పుడు అలా కాదు. సాటి పిల్ల చేసిన పొడి తెల్లగా వచ్చిందని నాకు రెండు రోజులు అన్నం సహించలేదు. (మొహానికి రాసుకునే పౌడరు కాదండీ. అదయితే ఆ కుళ్ళుకి కాస్త అర్థమైనా ఉండేది.) ఆ పొడి గురించీ, దాని వెనకాల నేను పడ్డ పాట్ల గురించీ చెప్తే మా ఆయన ఇప్పటికీ నమ్మడు. "ఉప్పు కోసం ఎవరైనా ఏడుస్తారా?" అంటాడు. ఏడుస్తారు. నేను ఏడ్చాను.

అప్పుడు నేను శ్రీకాకుళం వైపు ఒక కెమిస్ట్రీ డిపార్ట్‌మెంటులో పీహెచ్‌డీ చేస్తున్నాను. వారమంతా హాస్టలు, శనివారం సాయంత్రం ప్యాసింజరెక్కి కొత్తవలసలో మా ఇంటికి. మా గైడుగారికి పేర్లు గుర్తుండవు, ఊళ్ళు గుర్తుంటాయి. అందుచేత నేను "కొత్తవలస", నాతోపాటు అదే ఏడు చేరిన అమ్మాయి "భావనపాడు". వాళ్ళది సముద్రం ఒడ్డున చేపల వ్యాపారం చేసే కుటుంబం, మాది మెట్టపొలాల వ్యవసాయం. హాస్టల్లో ఒకే గది, ల్యాబులో ఒకే బల్ల, కంచంలో ఒకే పచ్చడి. అలాంటివాళ్ళం ప్రాణస్నేహితులం కావాలి కదా. అయ్యాం కూడా. కానీ స్నేహం ఒక పక్క నడుస్తూనే ఉంటుంది, కుళ్ళు రెండో పక్క దాని దారిన అది నడుస్తూ ఉంటుంది. రెండింటికీ ఒకదానితో ఒకటి పేచీ లేదు.

మేం చేసే పనేమిటో కాస్త చెప్పాలి, లేకపోతే నా ఏడుపు మీకు అర్థం కాదు. మేం తయారుచేసేది ఉప్పే. అయితే వంటింటి ఉప్పు కరగాలంటే కొలిమి కావాలి, ఈ ఉప్పు మా జిల్లా మే నెల ఎండకే కరిగి కూర్చుంటుంది. అలాంటి ఉప్పులని అయానిక్ లిక్విడ్లు అంటారు. దానికి పన్నెండు కార్బన్ల పొడుగు తోక ఒకటి తగిలిస్తే అది సబ్బు జాతిలో చేరిపోతుంది. తలకి నీళ్ళంటే ప్రాణం, తోకకి నీళ్ళంటే అసహ్యం. నీళ్ళలో కొంచెం వేస్తే ఇవన్నీ పైకి పోయి, తలలు నీళ్ళలో ఉంచి తోకలు గాల్లోకి పెట్టి నిలబడతాయి. ఇంకా వేస్తూ పోతే పైన చోటు నిండిపోతుంది. అప్పుడు ఇక గత్యంతరం లేక లోపలే గుంపులు కడతాయి, తోకలన్నీ లోపలికి, తలలన్నీ బయటికి. విజయనగరం ప్యాసింజర్లో జనం ముందు తలుపుల దగ్గర వేలాడి, అక్కడ ఖాళీ లేదని తేలాకే లోపలికి తోసుకెళ్ళినట్టన్నమాట. ఆ గుంపుల్నే మైసెల్స్ అంటారు. ఎంత వేస్తే గుంపు కట్టడం మొదలవుతుందో కనిపెట్టడమే మా పని. ఎంత తక్కువకే గుంపు కడితే సరుకు అంత గొప్పది.

తయారీ వినడానికి వంటలాగే ఉంటుంది. మిథైల్ ఇమిడజోల్ అని ఒక ద్రవం, పన్నెండు కార్బన్ల తోకతో బ్రోమోడోడెకేన్ అని ఒక నూనె, రెండూ గుండ్రటి ఫ్లాస్కులో పోసి సన్నటి వేడి మీద గంటల తరబడి కలియబెట్టాలి. ఆ మొదటిదాని వాసన ఉందే, మొదటిసారి మూత తీసినప్పుడు నేను ముక్కు మూసుకుని "మీ ఊరి వాసనొస్తోందే" అన్నాను. భావనపాడుకి ఎక్కడలేని రోషం వచ్చింది. "నోరు ముయ్యవే! మా సేపలు దీనికంటే నయం. సేప కుళ్ళినా ఇంత గబ్బు కొట్టదు" అంది. ఆమె ఫ్లాస్కు ముందు స్టూలేసుకుని, కోడిపెట్టలా కదలకుండా కూర్చునేది. మంట పెంచేది కాదు. నాకేమో ఆమెకంటే ముందు అయిపోవాలి. ఆమె అటు తిరిగినప్పుడల్లా నా వేడి ఓ చుక్క పెంచేదాన్ని. పాకం నాదే ముందు చిక్కబడింది. ఫ్రిజ్‌లో పెడితే పలుకులు కూడా నావే ముందు కట్టాయి. కానీ ఆమె పలుకులు మల్లెమొగ్గల్లా తెల్లగా వస్తే, నావి పసుపు రాసుకుని పేరంటానికి బయల్దేరినట్టు వచ్చాయి.

గైడుగారు రెండు సీసాలూ పక్కపక్కన కిటికీలో పెట్టి, కళ్ళజోడు పైకెత్తి చూశారు. "భావనపాడూ, బాగున్నాదమ్మా! సరుకంటే ఇలగుండాలి" అన్నారు. నా వైపు తిరిగి, "కొత్తవలసా, ఇదేటమ్మా, పులిహోరలో ఎయ్యడానికా?" అన్నారు. ల్యాబంతా నవ్వింది. నేనూ నవ్వాను. (ఆ నవ్వుకి నా పళ్ళు నొప్పెట్టాయి.) ఆ రోజునుంచి ఆ పసుపు వదిలించడమే నాకు తపస్సయింది. పలుకుల్ని ఇథైల్ ఎసిటేట్‌తో కడగాలి, మిగిలిపోయిన నూనె అందులోకి పోతుంది. ఆమె పద్ధతి ప్రకారం చెప్పినంత కడిగి, ఆరబెట్టి, మూత బిగించేసింది. నేను మాత్రం కడిగిందే కడిగి, వడగట్టిందే వడగట్టి, కరిగించి మళ్ళీ పలుకులు కట్టించి, మళ్ళీ కడిగాను. స్టోరు సీసాలు ఖాళీ అవుతున్నాయని చీవాట్లు కూడా తిన్నాను. "ఒసే, అరగదీసేస్తావేటే దాన్ని?" అని భావనపాడు బుగ్గలు నొక్కుకుంది. పసుపు పోలేదు. కాస్త నిమ్మకాయ రంగుకి దిగింది, అంతే. ఆ తెల్ల సీసా మాత్రం కిటికీలో కూర్చుని రోజూ నన్ను చూసి వెక్కిరిస్తూనే ఉంది.

ఇంతలో అసలు చిచ్చు పడింది. హైదరాబాదులో ఒక పెద్ద ల్యాబువాళ్ళు, ఈ గుంపులు ఎంత సైజులో ఉన్నాయో కాంతి వేసి కొలిచే మెషీను మా వాళ్ళకి కొన్నాళ్ళు వాడుకోవడానికి ఇస్తామన్నారు. వెళ్ళడానికి చోటు ఒక్కరికే. "ఎవరి గ్రాఫు నమ్మబుద్ధేస్తే ఆళ్ళు ఎల్తారు" అని గైడుగారు తేల్చేశారు. నేను అప్పటికి రైలెక్కడం అంటే కొత్తవలసలో ఎక్కి శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో దిగడం. పెద్ద ల్యాబంటే ఎలా ఉంటుందో ఫోనులో చూడటమే. నాకు ఆ చోటు కావాలి. ఎంత కావాలంటే, ఆ శనివారం ఇంటికి వెళ్ళి, ఇంకా ఏమీ తేలకుండానే మా అమ్మమ్మతో "నన్నే పంపుతారే" అని చెప్పేశాను. మా అమ్మమ్మకి చెప్పడమంటే మా వీధంతటికీ మైకులో చెప్పడమే. పొద్దున్నే పాలవాడు "అమ్మాయిగారు హైదరాబాదు ఎల్తన్నారంట" అన్నాడు. ఇక వెనక్కి తగ్గే దారి లేదు.

గ్రాఫు నమ్మబుద్ధెయ్యాలంటే గాజు సామాను శుభ్రంగా ఉండాలి. మా ల్యాబులో సబ్బు నిషిద్ధం. సబ్బు జాతి సరుకుని కొలిచేచోట సబ్బు మరక ఒక్కటి ఉన్నా లెక్కంతా తప్పుతుంది కదా. యాసిడ్‌తో కడిగి, డిస్టిల్డ్ వాటర్‌తో పదే పదే తొలవాలి. ఆ యాసిడంటే నాకు హడల్. నా చున్నీలు రెండు అప్పటికే జల్లెడలయ్యాయి. భావనపాడు మాత్రం గ్లోవ్స్ తొడుక్కుని, చేపలు తోమినంత సునాయాసంగా ఫ్లాస్కులు కడిగేసేది. ఆమె ఫ్లాస్కులు తళతళా మెరిసేవి. నా వాటి అడుగున పాత మరకలు తెల్లగా, పొడలు పొడలుగా కనబడుతూ ఉండేవి. అది కూడా చూసి ఓర్వలేక, నా ఫ్లాస్కులన్నీ గుడ్డల్లో చుట్టి ఇంటికి పట్టుకుపోయాను. తీరిగ్గా తోముకుందామని.

మా అమ్మమ్మ వాటిని తిప్పి తిప్పి చూసి, "ఏటే ఇవి, మెడలు ఇంత సన్నగున్నాయి! సబ్బెట్టి తోమక ఏడుస్తావేటే?" అంది.

"సబ్బు పెట్టకూడదే అమ్మమ్మా. మా సారు చంపేస్తారు."

"సబ్బొద్దంటే కుంకుడుకాయెట్టు. కుంకుడుకాయ సబ్బేటి? సెట్టు కాయ కదేటి! నా ఎండి సెంబు సూడు, నీ మొగం కనబడతాది."

నిజమే కదా అనిపించింది నాకు. తరతరాలుగా తలకి పోసుకుంటున్నాం, వెండికి పెడుతున్నాం, పట్టుచీరలకి పెడుతున్నాం. జుట్టుకే హాని చెయ్యనిది గాజుకేం చేస్తుంది? ఆవిడ పొద్దున్నే కుంకుళ్ళు కొట్టి, వేడినీళ్ళలో నానబెట్టి, రసం పిసికి గిన్నెతో ఇచ్చింది. సగం నా తలకి పోసుకున్నాను, సగం ఫ్లాస్కులకి పోశాను. రెండూ నిగనిగలాడాయి. నీళ్ళతో తొలిచాను. (చుక్క చుక్కగా కారే మా కుళాయి సంగతి తెలిసినవాళ్ళు ఎంత తొలిచానో ఊహించుకోగలరు.) ఎండలో వరసగా బోర్లించిన ఫ్లాస్కులు చూస్తుంటే నాకు కళ్ళు చెమర్చాయి. భావనపాడూ, నీ పని అయిపోయిందే, అనుకున్నాను.

సోమవారం ఆ ఫ్లాస్కుల్లో నా పసుపు పొడిని పలచగా, కాస్త చిక్కగా, ఇంకాస్త చిక్కగా కలిపి కొలతకి కూర్చున్నాను. ప్లాటినం రింగుని ద్రవం మీద ఆనించి పైకి లాగుతారు. నీటి పైపొర ఎంత గట్టిగా పట్టుకుంటే తూకం ముల్లు అంత ఎక్కువ చూపిస్తుంది. సబ్బు జాతిది పైకి చేరేకొద్దీ పట్టు సడలుతుంది, గుంపులు కట్టడం మొదలయ్యాక ఇక సడలదు. నాది పలచటి ద్రావణంలోనే జారిపోయింది! ఎవరివీ కట్టనంత తక్కువకే నావి గుంపులు కట్టేస్తున్నాయి. గ్రాఫు గీసి గైడుగారి ముందు పెట్టాను. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "కొత్తవలసా! ఇదేటమ్మా ఇది! ఇంత కొద్దిపాటికే గుంపు కట్టేస్తన్నాయా? రంగు సూసి నానేదో అనుకున్నాను గానీ..." అన్నారు. నేను వినయంగా తల దించుకుని, ఓరకంట భావనపాడు మొహం చూశాను. ఆ మొహంలో రంగు మారింది. అబ్బ, ఆ మధ్యాహ్నం హాస్టల్లో నీళ్ళసాంబారు కూడా పాయసంలా దిగింది నాకు. అమ్మమ్మకి ఫోను చేసి, ఊరగాయ కట్టమని చెప్పేశాను.

అయితే మా ల్యాబులో ఒక కట్టుబాటుంది. ఒకరి చేతి లెక్క ఇంకొకరి చేతిలో కూడా వస్తేనే లెక్క. "భావనపాడూ, నువ్వొకసారి సూసి సెప్పమ్మా" అన్నారు గైడుగారు. ఆమె చేతికా! చోటు కావాల్సింది ఆమెకి కూడా కదా! మొదటి రోజు నా ఫ్లాస్కుల్లో మిగిలిన ద్రావణాలే కొలిచింది, నా లెక్కే వచ్చింది. హమ్మయ్య అనుకున్నాను. రెండో రోజు నా పొడి తీసుకుని, తన ఫ్లాస్కుల్లో కొత్తగా కలిపి కొలిచింది. ఈసారి గుంపులు ఊళ్ళో అందరివీ ఎక్కడ కడతాయో అక్కడే కట్టాయి. గొప్పా లేదు, పాడూ లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. గైడుగారు ఉన్నారని కూడా చూడకుండా, "నామీద కుళ్ళే నీకు! నాకొచ్చిందని ఓర్వలేకపోతున్నావు!" అన్నాను. (ఎవరు ఎవర్ని అన్నారో గమనించగలరు.)

నేను కడిగి తెచ్చినవాటిలో ఒక ఫ్లాస్కు ఇంకా వాడకుండా మిగిలి ఉంది. ఆమె దాన్ని తీసి, ఉత్త డిస్టిల్డ్ వాటర్ పోసి, మూత పెట్టి, గైడుగారి ముందు గడగడా ఊపి బల్ల మీద పెట్టింది. లోపల నురగ నిలబడింది. ఉత్త నీళ్ళలో! మూత తీసి వాసన చూసింది, నా జడ దగ్గరికి వంగి మళ్ళీ వాసన చూసింది. "ఒసే, ఫ్లాస్కుకి తలంటావేటే నువ్వు?" అంది.

గైడుగారు నా వైపు చూశారు. "ఏటెట్టి కడిగినావమ్మా?"

"కుంకుడుకాయ సార్. మీరు సబ్బు వద్దన్నారు కదా సార్."

ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టి, కడుపు పట్టుకుని, కళ్ళవెంట నీళ్ళు కారేదాకా నవ్వారు. "తల్లీ, కుంకుడు నురగెందుకొస్తాదమ్మా? దానికీ తలా తోకా ఉన్నాయి. అదీ గుంపులే కడతాది. మనం ఫ్లాస్కులెట్టుకుని ఏళ్ళ తరబడి సేస్తన్న పని అది సెట్టు మీదే సేసేస్తన్నాది. నువ్వు కొలిసింది మన సరుకు కాదు, మీ అమ్మమ్మ తలంటు!" అన్నారు. భూమి చీలిపోతే బాగుండునని అందరూ అంటారు, నేను నిజంగానే కిందకి చూశాను. మొజాయిక్ గచ్చు, ఎక్కడా పగుల్లేదు.

నేను ఏడవడానికి బాత్రూము వైపు కదులుతుంటే భావనపాడు "ఆగవే" అంది. "సార్, ఇంకో మాట. నా గ్రాఫు సూడండి. కిందకి దిగి, గుంటలా పడి, మళ్ళీ పైకి లేచి నిలబడతన్నాది. మొన్నటినుంచీ సూస్తన్నాను. నా సేతి తప్పనుకున్నాను. దాని పొడి నా ఫ్లాస్కుల్లో కొలిస్తే గుంట లేదు." గైడుగారు రెండు గ్రాఫులూ దగ్గరపెట్టుకుని, ఈసారి నవ్వకుండా చూశారు. ఆ గుంట ఉందంటే పొడిలో ఇంకా నూనె మిగిలి ఉందన్నమాట. కంటికి కనబడదు, తెలుపు చెడదు, గ్రాఫులో మాత్రం దాక్కోలేదు. నా పసుపేమో వేడి ఎక్కువై పుట్టిన రంగు, చూపుకే గానీ కొలతకి అడ్డం రాదు. ఆమెలా తెల్లగా చెయ్యాలన్న కుళ్ళుతో నేను కడిగి కడిగి అరగదీసిన పొడిలో నూనె చుక్క మిగల్లేదు. ఆమె సీసా చూసి కుళ్ళుకుని పొడి బాగుచేసుకున్నాను, ఆమె ఫ్లాస్కులు చూసి కుళ్ళుకుని లెక్క పాడుచేసుకున్నాను.

గైడుగారి తీర్పు ఆ సాయంత్రమే వచ్చింది. "పొడి కొత్తవలసది ఎల్తాది. మనిషి భావనపాడు ఎల్తాది." నేను ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపారు. "నిన్ను పంపిస్తే అక్కడ ఆళ్ళ మెషీనుకి కూడా తలంటు పోసేస్తావమ్మా. నాకు బయమేస్తన్నాది" అన్నారు. నేను చేతిలో ఉన్న చున్నీ చెంగు నమిలాను. అమ్మమ్మ అప్పటికే ఊరగాయ జాడీ పంపేసింది, దాన్ని కూడా భావనపాడే పట్టుకెళ్ళింది.

శ్రీకాకుళం రోడ్డు స్టేషనుకి నేనే దిగబెట్టాను. వెళ్ళకూడదనుకున్నాను, కాళ్ళు వెళ్ళాయి. నా పొడి సీసాని చెమ్మ తగలకుండా ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఆమె చేతికిచ్చాను. "మూత గట్టిగా బిగించినావా? ముద్దయిపోతే నన్నే అంటావు మళ్ళీ" అంది. తర్వాత నా మొహం చూసి, "ఏడవకే. నీకు తెల్దు గానీ, ఆ గుంట సూసిన కాడినుంచీ నీ పసుపు సీసా మీద నాకెంత కుళ్ళొస్తన్నాదో! అవతలపారేద్దామనిపించినాది ఒకసారి" అంది. పారెయ్యలేదు. కిటికీ పక్క సీటులో కూర్చుని, ఒళ్ళో పెట్టుకుంది.

ఆ తర్వాత నేనూ హైదరాబాదు వెళ్ళాను, ఒకసారి కాదు, పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరాక మీటింగులకని చాలాసార్లు. అలాంటి మెషీను ముందు కూర్చున్నాను కూడా. మెత్తటి కుర్చీ, చల్లటి గది, అంతకంటే ఏమీ లేదు. దానికోసమా అంత ఏడ్చానని నవ్వొచ్చింది. కానీ ఆ రోజు ప్లాట్‌ఫాం మీద నిలబడ్డ పిల్లకి ఆ సంగతి ఎవరు చెప్పినా వినేది కాదు. బండి కదిలింది. భావనపాడు కిటికీలోంచి చెయ్యి ఊపింది. నేనూ ఊపాను, బండి మలుపు తిరిగేదాకా ఊపుతూనే ఉన్నాను. నా స్నేహితురాలి మీద నాకెంత ప్రేమో అని పక్కనున్న పెద్దాయన ముచ్చటపడ్డాడు. ఆయనకేం తెలుసు, నేను చెయ్యి ఊపింది ఆమె ఒళ్ళో ఉన్న సీసాకి. నేను చేసిన పొడి, నన్ను వదిలేసి, కిటికీ పక్కన కూర్చుని హైదరాబాదు వెళ్ళిపోతుంటే, దాని మీద కూడా నాకు కుళ్ళొచ్చింది.